మైనం మార్చినంత మాత్రాన మసి పోదు

దీపావళి, క్రిస్మస్ దగ్గర పడుతున్నాయంటే వాట్సాప్ గ్రూపుల్లో సువాసన కొవ్వొత్తుల గురించిన సందేశం ఒకటి తిరగడం మొదలవుతుంది. దుకాణాల్లో దొరికే కొవ్వొత్తులు పెట్రోలియం వ్యర్థమైన పారాఫిన్‌తో చేసినవనీ, వాటిని వెలిగిస్తే డీజిల్ పొగ పీల్చినట్టేననీ అది చెబుతుంది. ఇంట్లో సోయా మైనంతోనో కొబ్బరినూనెతోనో చేసుకుంటే పొగ, మసి, రసాయనం ఏవీ ఉండవట. తేనెమైనం ఋణ అయాన్లను (ఋణ విద్యుదావేశమున్న సూక్ష్మ కణాలను) వదిలి గాలిని శుభ్రం చేస్తుందట. మైనాన్ని గిన్నెలో వేసి నేరుగా పొయ్యి మీద కరిగించి, ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల నుంచి తీసే సువాసన నూనె) ఎంత పోస్తే అంత వాసన వస్తుందనీ, రంగుకు క్రేయాన్లు, అందానికి ఎండు గులాబీ రేకులు వాడుకోవచ్చనీ ముగుస్తుంది. ఇంట్లో కొవ్వొత్తులు చేసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన పని. ఈ సందేశంలో కొన్ని మాటలు తప్పు కాగా, మరికొన్ని నమ్మితే చేతులు కాలే మాటలు కనుక ఒక్కొక్కటిగా చూడవలసి ఉంది.

మొదట పారాఫిన్. ఇది కందెన నూనెలను శుద్ధి చేసేటప్పుడు వేరుపడే మైనం. బాగా శుద్ధి చేసిన పారాఫిన్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్ పొడవాటి గొలుసులుగా అల్లుకున్న పదార్థమే తప్ప క్యాన్సర్ కలిగించే బెంజీన్ అనే రసాయనం కాదు. భయానికి ఆధారంగా తరచూ చూపేది 2009లో అమెరికాలోని సౌత్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక రసాయన శాస్త్ర సమావేశంలో సమర్పించిన ఫలితాలను. పారాఫిన్ కొవ్వొత్తుల నుంచి టోలుయీన్, బెంజీన్ వంటి హానికర రసాయనాలు వెలువడ్డాయని వారు చెప్పిన మాట నిజమే. అయితే అప్పుడప్పుడు వెలిగించేవారికి హాని ఉండకపోవచ్చని కూడా వారే చెప్పారు, ఆ భాగం సందేశంలోకి రాలేదు. అంతకు ముందు 2007లో జర్మనీలో జరిగిన పరీక్షల్లో పారాఫిన్, సోయా, పామ్, స్టియరిన్ (కొవ్వుల నుంచి తీసే మైనం లాంటి పదార్థం), తేనెమైనం కొవ్వొత్తుల పొగల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ పరీక్షలకు డబ్బు పెట్టింది కొవ్వొత్తుల పరిశ్రమే కనుక దాన్ని కూడా జాగ్రత్తగానే తీసుకోవాలి.

ఈ రెండింటినీ పక్కన పెట్టినా జ్వాల ఎలా పనిచేస్తుందో చూస్తే విషయం తేటపడుతుంది. కొవ్వొత్తి జ్వాలకు ఆ పసుపు వెలుగునిచ్చేది అందులో కణకణలాడే కార్బన్ రేణువులేనని ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1860–61లో లండన్‌లో పిల్లలకిచ్చిన ఉపన్యాసాల్లోనే చూపించాడు. అంటే సోయా అయినా పారాఫిన్ అయినా పసుపు జ్వాల లోపల మసి పుడుతూనే ఉంటుంది. అది పూర్తిగా కాలిపోతే గదిలోకి రాదు, వత్తి పొడవై ఇంధనం ఎక్కువగా ఎక్కినా, గాలికి జ్వాల ఊగినా కాలకుండానే బయటపడి గోడకు పడుతుంది. వత్తిని ప్రతిసారీ వెలిగించే ముందు సుమారు 6 మిల్లీమీటర్లకు కత్తిరించడం, సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టకపోవడం, గాజు పాత్ర వెడల్పుకు తగిన వత్తిని ఎంచుకోవడం మైనం మార్చడం కంటే ఎక్కువ మేలు చేస్తాయి. వత్తిలో సీసం ఉంటుందన్న పాత భయానికి మాత్రం ఒకప్పుడు కారణం ఉండేది. సీసపు తీగ ఉన్న వత్తులను అమెరికా 2003లో నిషేధించింది. ఇంట్లో వాడే అల్లిన నూలు వత్తిలో సాధారణంగా ఏ తీగా ఉండదు.

సోయా మైనంలో రసాయనమేదీ లేదనడం కూడా సరికాదు. సోయా నూనెను నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌తో కలిపి గట్టిపరిస్తే ఆ మైనం వస్తుంది. మన వంటిళ్లకు తెలిసిన వనస్పతి తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే. అది లోపమేమీ కాదు, సోయా మైనం మంచి ముడిసరుకు. కొబ్బరినూనె సంగతి వేరు. అది సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి విజయవాడలోనో రామగుండంలోనో ఏడాదిలో ఎక్కువ రోజులు ద్రవంగానే ఉంటుంది. ప్రమిదలో దీపానికి పనికొస్తుంది గాని దానితోనే కొవ్వొత్తి నిలబడదు.

తేనెమైనం ఋణ అయాన్లతో గాలిని శుద్ధి చేస్తుందనడానికి ఆధారం లేదు. ఏ జ్వాలలోనైనా ధన, ఋణ అయాన్లు రెండూ పుట్టి చాలావరకు అక్కడికక్కడే కలిసిపోతాయి.

ఎసెన్షియల్ ఆయిల్ గురించిన సలహా మరింత హానికరం. మైనం పట్టి ఉంచుకోగల సువాసన నూనెకు ఒక హద్దు ఉంది. సాధారణంగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం, అంటే 200 గ్రాముల మైనానికి 12 నుంచి 20 గ్రాములు. అంతకు మించితే నూనె చెమటలా పైకి ఉబికి, వత్తిని మూసివేస్తుంది లేదా ఒక్కసారిగా భగ్గుమంటుంది. నారింజ నూనె ఆవిరి 50 డిగ్రీల లోపు వేడిలోనే నిప్పురవ్వ తగిలితే అంటుకోగలదు, అందువల్ల పొయ్యి ఆర్పి, గిన్నెను దూరంగా దించిన తరువాతే నూనె కలపాలి. నారింజ, నిమ్మ తొక్కల వాసనలోని లిమొనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు కళ్లు, గొంతు మండించే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు కూడా పుడుతుంది; ఉబ్బసం ఉన్నవారి గదిలో ‘సహజం’ అన్న ధీమా పనికిరాదు.

క్రేయాన్ల రంగుపొడి కరగకుండా వత్తి పోగుల్లో ఇరుక్కుంటుంది, జ్వాల కొడిగడుతుంది. దీనికి కొవ్వొత్తుల కోసం అమ్మే, మైనంలో కరిగే రంగు వాడాలి. ఎండు రేకులైతే తామే వత్తులై మండుతాయి. వాటిని వెలిగించే కొవ్వొత్తి మీద ఎన్నడూ పెట్టకూడదు.

అన్నిటికంటే ముందు దిద్దవలసింది నేరుగా పొయ్యి మీద కరిగించమన్న మాట. మైనం నీళ్లలా మరిగి హెచ్చరించదు; నిశ్శబ్దంగా వేడెక్కుతూ 200 డిగ్రీలు దాటాక దాని ఆవిరి అంటుకోగల స్థితికి చేరుతుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, అందులో మైనం గిన్నె ఉంచి కరిగిస్తే, నీళ్లు ఇగిరిపోనంత వరకు వేడి 100 డిగ్రీలు దాటదు. ఒకవేళ మైనం అంటుకుంటే గిన్నెను కదపకుండా పొయ్యి ఆర్పి, లోహపు మూత పెట్టి, పూర్తిగా చల్లారే దాకా తెరవకూడదు. నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు: అవి అడుగుకు చేరి క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి, మండుతున్న మైనాన్ని మనుషుల మీదికీ పైకప్పు దాకానూ చిమ్ముతాయి.