గది నిండితేనే పదోన్నతి

వృద్ధుల నివాస సముదాయాల వ్యాపారంలో పైకి రాదలచిన యువకుడు ముందుగా గ్రహించవలసింది, ఆ ఎదుగుదలకు వృద్ధులతో పెద్దగా పని లేదన్న సంగతి. అమెరికాలో ఈ రంగానికి హోటళ్ల నుంచీ, రియల్ ఎస్టేట్ నుంచీ వచ్చి చేరినవారు ఉన్నారు. ఖాళీ గదిని చూస్తే గుండె తరుక్కుపోయే స్వభావం వారికి ముందే అబ్బి ఉంటుంది కనుక మిగిలిన శిక్షణ సులువు.

తొలి మెట్టు అమ్మకాలు. చూడవచ్చిన కుటుంబాన్ని నమూనా గదిలోకి తీసుకువెళ్లాలి. అక్కడ బల్లమీద ఎవరూ చదవని పుస్తకం తెరిచి ఉంటుంది, దానిమీద ఎవరి చూపుకూ సరిపోని కళ్లజోడు ఉంటుంది. తండ్రి కిటికీ వైపు చూస్తుండగా కూతురితో మాట్లాడడమే ఇక్కడి విద్య. ఎందుకంటే సంతకమూ ఆమెదే, మనసులో గుచ్చుకునే ముల్లూ ఆమెదే.

తరువాత నిర్వహణ. అసలు మాధుర్యం ఇక్కడే. 1963లో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, సహచరులతో కలిసి, స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, భోజనం అనే ఆరు పనులను బట్టి మనిషి ఎంతవరకు తన కాళ్లమీద తాను నిలబడగలడో కొలిచే పద్ధతిని ప్రచురించాడు. పాపం, ఆ కొలతకు బిల్లు జతచేయడం ఆయన మరిచాడు. పరిశ్రమ ఆ లోటు తీర్చింది. నిన్నటిదాకా తన చొక్కా గుండీలు తానే పెట్టుకున్న పెద్దాయనకు ఈ నెల వేళ్లు వణికి మూడో గుండీ దగ్గర ఆగిపోతే, ఆయన సంరక్షణ స్థాయి పెరుగుతుంది, దానితోపాటు నెలవారీ రుసుమూ పెరుగుతుంది. సరుకు పాడయ్యేకొద్దీ ధర పెరిగే వ్యాపారం మరొకటి ఉంటే చెప్పండి. పైగా ఇటువంటి నివాసాల అద్దెను మెడికేర్, అంటే అక్కడి వృద్ధులకు సర్కారు నడిపే ఆరోగ్య బీమా, చెల్లించదు కనుక, సర్కారు గుమాస్తాలతో తగవులాడే బాధ కూడా చాలామటుకు తప్పుతుంది. పెద్దాయన ఇల్లు అమ్మితే సరిపోతుంది.

ఇక శిఖరం. అక్కడ మరణం అనే మాట వినిపించదు, ఆక్యుపెన్సీ (నిండిన గదుల లెక్క) తగ్గుదల మాత్రమే ఉంటుంది. రాత్రి గంట మోగితే ఎంతసేపటికి మనిషి వస్తాడన్నది కింది అంతస్తుల విషయం. మన అధికారి సదస్సులలో ప్రసంగిస్తాడు: యుద్ధానంతర జననాల వెల్లువకు తొలి ఏడాదైన 1946లో పుట్టినవారికి 2026లో ఎనభై నిండుతుందని ఆయన చెబుతుంటే పెట్టుబడిదారుల కళ్లు చెమరుస్తాయి. తాతగారి పుట్టినరోజు కోసం సొంత మనవలు కూడా ఇంత ఆత్రపడరు. కెరెన్ బ్రౌన్ విల్సన్ ప్రస్తావనా తప్పనిసరి. నర్సింగ్ హోంలో మగ్గిన తన తల్లి, తాళం వేసుకోగల తలుపున్న సొంత గది కోరితే, ఆ కోరికే ప్రేరణగా ఆమె 1983లో పోర్ట్‌లాండ్‌లో కొత్త తరహా నివాసం తెరిచింది. చప్పట్లు ఆగాక తరువాతి స్లయిడ్‌లో ఆ తలుపుకు అద్దె ఎంత రాబట్టవచ్చో ఉంటుంది.

పదవీ విరమణ తరువాత ఆయనకు సలహా మండలిలో స్థానం ఖాయం. నివాసం మాత్రం సొంత ఇంట్లోనే; మెట్ల పక్కన మనిషిని పైకి చేర్చే కుర్చీ ఇప్పటికే బిగించారు, గుండీలు పెట్టడానికి వచ్చే మనిషితో గంటకింత అని ముందే మాట్లాడుకున్నారు.