మంచు అంటే తెల్లరంగు కాదు మహాప్రభో!

ధనుర్మాసం పొద్దున్నే చేలమీద మంచు... వాటర్ కలర్‌లో నిమిషం వీడియోలో వేసి చూపిస్తున్నారు. అందులో కత్తిరించేసింది రంగు పొర ఆరే సమయం. పనితనమంతా అక్కడే ఉంది! అది తెలియక తడి మీద తడి పులిమి, అంతా బురదయ్యాక పైన తెల్లరంగు పూస్తున్నారు. అది మంచు కాదు, వెల్ల.

మంచు అంటే రంగు పూయకుండా వదిలేసిన కాగితం. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) కాటన్ పేపర్ కావాలి. మామూలు డ్రాయింగ్ పుస్తకంలో రెండో పొరకే కిందిది లేచొస్తుంది, కాగితం నూగు రేగుతుంది. ఖరీదంటారా, 56×76 సెంటీమీటర్ల షీటు ఎనిమిది ముక్కలవుతుంది, సాధనకి చాలు.

కాగితమంతా తడిపి, ఆకాశం అంచున పల్చగా రా సియెన్నా (పసుపు మట్టిరంగు), పైన అల్ట్రామెరైన్ నీలంలో చిటికెడు బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు). ఆరితే రంగు వెలిసినట్టవుతుంది కాబట్టి కాస్త ముదురుగానే వేయండి. కాగితం మీద తడి తళతళ తగ్గి చెమ్మ మిగిలినప్పుడు దూరపు చెట్లు. కుంచెలో నీళ్లు కాగితం కన్నా తక్కువుండాలి, లేదంటే గోబీపువ్వులా మరక విచ్చుకుంటుంది. చెట్ల అడుగు అంచుని శుభ్రమైన తడి కుంచెతో కరిగించేయండి. మంచు నేలబారునే చిక్కగా ఉంటుంది కదా, తాటి తలలు కనబడాలి, మొదళ్లు కాదు. దీన్నే ఎక్కువమంది తలకిందులు చేస్తారు.

ఇక ఆగాలి. వేళ్ల వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా ఆరలేదు. హెయిర్ డ్రయ్యర్ పెడితే అడుగు దూరం నుంచి, అదీ తళతళ పోయాకే. ముందే పెడితే గాలికి రంగు పక్కకి పారుతుంది.

పూర్తిగా ఆరాక గడ్డివాము, పాక. చివర్న చేనిగట్టు, అన్నిటికన్నా ముదురు. ట్యూబులోని శాప్ గ్రీన్‌నే ముందూ వెనకా వాడితే దూరం చచ్చిపోతుంది. కాడ్మియమ్ రంగులు కిందిపొరని కప్పేస్తాయి, మధ్యలో వద్దు. థాలో బ్లూ అనే గాఢమైన నీలం కాగితానికి పట్టుకుందంటే తుడిచినా పోదు.

దూరానికి నీలం పులమడం ఇంకో పిచ్చి. తేట గాలి నీలాన్ని ఎక్కువ చెదరగొడుతుంది, అందుకే కొండలు నీలంగా కనిపిస్తాయి. మంచు బిందువులు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అందుకని అక్కడ బూడిద తెలుపే.

తెల్ల గవాష్ (కిందిది కనబడకుండా కప్పే చిక్కటి రంగు) మూత తీసేదుంటే అన్నీ అయ్యాక, గట్టు మీద కొంగకి. ఒక్క చుక్క.