ఆ కవరు విప్పండి

దక్షిణ ఆస్ట్రేలియాలో శాసనసభకో జాతీయ పార్లమెంటుకో ఓటు వేయకపోతే జరిమానా పడుతుంది. పురపాలక ఎన్నికల్లో ఆ నిర్బంధం లేదు. బ్యాలట్ కాగితం తపాలాలో ఇంటికే వస్తుంది. అభ్యర్థుల పేర్ల పక్కన అంకెలు వేసి, సంతకం చేసి, తిరిగి పోస్టు డబ్బాలో వేస్తే చాలు. అయినా రాష్ట్రంలో మూడింట రెండు వంతుల మంది ఆ పని చేయరు. సూపర్‌మార్కెట్ కరపత్రాల కింద, కరెంటు బిల్లు పక్కన, వంటింటి గట్టు మీదే ఆ కవరు గడువు దాటేదాకా పడి ఉంటుంది. అడిలైడ్ వాయవ్య, ఉత్తర శివార్లలోని పోర్ట్ అడిలైడ్ ఎన్‌ఫీల్డ్ నగరపాలిక పరిధిలో కాపురముంటున్న తెలుగువారితో మేము ఆ కవరు గురించే మాట్లాడదలచుకున్నాం.

ముందు ఆ ఊరి సంగతి. 1836లో ఇక్కడ బ్రిటిష్ వలస ఏర్పడినప్పుడు సర్వేయరు విలియం లైట్ నగరానికి టోరెన్స్ నది ఒడ్డున, సముద్రానికి దూరంగా స్థలం ఎంచాడు. ఓడలు ఆగడానికి అనువైన చోటు మాత్రం వాయవ్యాన 14 కిలోమీటర్ల అవతల, మడ అడవుల నడుమ ఉన్న ఉప్పుటేరు, అంటే ఇప్పటి పోర్ట్ నది. కౌర్నా ప్రజలు తరతరాలుగా బతికిన నేల అది. వారు దాన్ని యర్తపూల్టి అంటారు. వలస వచ్చినవారు మొదట దిగిన చోట మోకాలి లోతు బురద తప్ప మరేమీ లేదు. సామాన్లు నెత్తిన పెట్టుకుని ఆ బురదలో నడిచినవారు దానికి ‘దుఃఖాల రేవు’ అని పేరు పెట్టారు. 1840లో రేవు ఇప్పుడున్న చోటికి మారింది. 1856లో నగరం నుంచి రేవుకు రైలు వచ్చింది. ఊరు ఒకచోట, రేవు మరొకచోట కావడం వల్లే పోర్ట్ అడిలైడ్‌కు సొంత పురపాలక సంఘం, సొంత ఫుట్‌బాల్ జట్టు, సొంత పట్టుదల ఏర్పడ్డాయి. ఆ పట్టుదల ఇప్పటికీ అక్కడి మాటతీరులో వినిపిస్తుంది.

ఎన్‌ఫీల్డ్ కథ వేరు. దానికి సముద్రం లేదు. ఇస్లింగ్టన్ రైల్వే వర్క్‌షాపులు, గెప్స్ క్రాస్ పశువధశాల, వాటిలో పనిచేసే కుటుంబాల ఇళ్లు. పోర్ట్ అడిలైడ్, ఎన్‌ఫీల్డ్ రెండింటినీ 1996 మార్చిలో కలిపి ఒకే నగరపాలిక చేశారు. పేరులో రెండూ నిలిచాయి కానీ, మనసులు కలిశాయని అనలేం. నార్త్‌గేట్‌లోనో బ్లెయిర్ అథోల్‌లోనో ఉండేవారిని అడిగితే, రేవుతో మాకేం పని అంటారు.

పని ఉంది. రేవు ప్రాంతంలో చాలా భాగం మడ అడవులు కొట్టి, బురద నేల పూడ్చి కట్టిందే. ఆ నేల కుంగుతోంది. కొన్నిచోట్ల ఏటా సుమారు 2 మిల్లీమీటర్లు. మరోవైపు సముద్ర మట్టం పెరుగుతోంది. పెద్ద పోటు వచ్చినప్పుడు, అదే వేళకు వాన కూడా కురిస్తే, వీధి కాలువలో నీరు పోర్ట్ నదికి పోవడానికి దారి ఉండదు. పోటునీరు వెనక్కి తోస్తుంటే కాలువ నోటి నుంచే వీధిలోకి పొంగుతుంది. దానికి అడ్డుగా కాలువల చివర కవాటాలు, పంపులు, గట్లు కావాలి. ఆ భారంలో పెద్ద వాటా నగరపాలికది. అంటే కిల్‌బర్న్‌లో ఇల్లున్నవారు కట్టే పన్ను బర్కెన్‌హెడ్‌లో నీటిని ఆపుతుంది. ఇది అన్యాయమని మేము అనుకోవడం లేదు. విలీనం వల్ల ఒరిగిన మేలేదైనా ఉంటే అదే. పల్లంలో ఉన్నవారి నీటిని పల్లంలో ఉన్నవారే ఎత్తిపోసుకోవాలనడం ఊరికి తగని మాట. అయితే డబ్బు ఇస్తున్నవారు ఆ డబ్బు ఎటు పోవాలో చెప్పకుండా ఊరుకోవడం మాత్రం మాకు మింగుడుపడదు.

నగరపాలిక చేతిలో ఏమీ లేదన్న వాదన తరచుగా వింటాం. అందులో కొంత నిజముంది. రేవును 2001లో రాష్ట్ర ప్రభుత్వం దీర్ఘకాలిక లీజుకు ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఆస్బోర్న్‌లో జలాంతర్గాముల పనులు జాతీయ ప్రభుత్వానివి. ఆసుపత్రి, బడి, బస్సు రాష్ట్రానివి. మేయరుకు మిగిలేవి చెత్తబుట్టలు, కాలిబాటలు, పార్కులు, గ్రంథాలయాలు, కాలువలు, కొంతమేరకు భవన అనుమతులు. కానీ గడప దాటి అడుగు బయట పెట్టగానే తగిలేవి ఇవే. పిల్లవాడి సైకిలు పడిపోయేది కాలిబాట మీద గుంటలోనే.

పైచేతులు ఊరిని అడగకుండా నిర్ణయిస్తే ఏమవుతుందో నదీతీరం చూసింది. రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన భారీ గృహ నిర్మాణ పథకం కోసం తరాల నాటి పడవల షెడ్లు ఖాళీ అయ్యాయి. సగంలో పథకమే ఆగింది. 2011లో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. ఫ్లాట్లు కొన్నే లేచాయి, పడవలు చేసేవారు మాత్రం తిరిగి రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ అదే తీరంలో నిలబడి ఉంది. అక్కడి ఎర్రటి ఇనుప దీపస్తంభాన్ని 1869లో నది ముఖద్వారం దగ్గర వెలిగించారు. 1901లో విప్పి దక్షిణ నెప్ట్యూన్ ద్వీపానికి తరలించారు. 1986లో మళ్లీ రేవుకు తెచ్చి నిలబెట్టారు. ఓడలకు దాని అవసరం తీరిపోయింది. అయినా అది తమదని ఊరు అనుకుంది. దాని నీడలో నిలబడి చూస్తే అదృష్టం ఉన్న రోజున నదిలో డాల్ఫిన్లు కనిపిస్తాయి. రేవు మధ్యలోనే వాటికి 2005 నుంచి చట్టబద్ధమైన రక్షిత ప్రాంతం ఉంది.

ఇక మనవారికి తెలియాల్సిన ముఖ్య విషయం. ఈ నగరపాలికలో భారతదేశంలో పుట్టినవారు వేల సంఖ్యలో ఉన్నారు. చాలామంది పౌరసత్వం ఇంకా రాలేదు కదా, ఓటెక్కడిది అనుకుంటారు. శాసనసభకైతే అది సరే. కానీ దక్షిణ ఆస్ట్రేలియా పురపాలక ఎన్నికల్లో పౌరులు కానివారికీ ఓటుంది. నగరపాలిక పరిధిలో నెల రోజులుగా నివాసముంటున్న పెద్దవారు అనుబంధ ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవచ్చు. అద్దె ఇల్లయినా అడ్డం లేదు. ఒక మెలిక ఉంది. ఎన్నికల సంవత్సరం జనవరి 1న ఆ జాబితాను చెరిపేస్తారు. గతసారి పేరు ఇచ్చినవారైనా మళ్లీ దరఖాస్తు చేయాలి. ఎన్నికలు నాలుగేళ్లకోసారి నవంబరులో జరుగుతాయి. 2022 తరువాతవి 2026లో.

ఈ హక్కు గురించి తెలియక ఎందరు మిగిలిపోతున్నారో తలచుకుంటే మాకు బాధ కలుగుతోంది. తప్పంతా వలస వచ్చినవారిది కాదు. ఏటా పేరు చెరిపేసే పద్ధతి కాకపోయినా, నాలుగేళ్లకోసారి చెరిపేయడం కూడా ఇల్లు మారుతూ, పని వెతుక్కుంటూ ఉండేవారికి శిక్షే. ఆ నిబంధనను రాష్ట్రం మార్చాలి. మార్చేలోపు నగరపాలిక చేయగలిగిన పని ఒకటుంది. కొత్తగా ఇంట్లో దిగినవారికి ఏ రంగు చెత్తబుట్ట ఏ వారం బయట పెట్టాలో చెప్పే కాగితం చేతికి అందాలి కదా. దానితోపాటు ఓటరు దరఖాస్తు ఫారం కూడా అందించాలి, తెలుగులోనూ, పంజాబీలోనూ, వియత్నామీస్‌లోనూ.