డ్రెస్ కోడ్ గారికి, ఏడు మీటర్ల నమస్కారాలు

మహారాజశ్రీ డ్రెస్ కోడ్ గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి, స్నేహితురాలి పెళ్లికి మీ బ్రైడ్స్‌మెయిడ్ నంబర్ 4 వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నా బ్యాంకు బ్యాలెన్స్ సంగతి అడక్కండి. తమరు నిన్న సాయంత్రం 5:40కి రంగు మార్చుకున్నారని గ్రూపులో చూసి తెలుసుకున్నాను.

"గర్ల్స్, చిన్న చేంజ్! సంగీత్‌కి సేజ్ గ్రీన్ కాదు, లావెండర్!" పక్కన మూడు గుండెలు. అవి కూడా లావెండరే.

ఆ టైంకి నేను చిక్‌పేటలో ఉన్నానండి. చేతిలో సేజ్ గ్రీన్ ఆర్గాంజా, ఏడు మీటర్లు. మీటరు 420 చొప్పున 2,940 రూపాయలు. దానికి కత్తెర పడి పది నిమిషాలు కూడా కాలేదు. పరిగెత్తి వెనక్కి వెళ్తే షాపాయన ఎంతో మర్యాదగా "కట్ మాడిద్దు వాపస్ తగొళ్ళల్ల మేడమ్" అన్నాడు, కత్తిరించింది వెనక్కి తీసుకోరట. ఆయన తప్పేముంది? గోడమీద ఆ బోర్డు నాకంటే వయసులో పెద్దది.

ఆ ఏడు మీటర్లు ఎలా దొరికాయో మీకు తెలియాలి. ఆదివారం అక్కడ చాలా షాపులు తియ్యరని శనివారమే బయల్దేరాను. కేఆర్ పురం దాకా ఆటో, అక్కణ్ణుంచి మెజెస్టిక్ దాకా నిలబడి మెట్రో, అక్కడ లైను మారి చిక్‌పేట. మొదటి షాపులో ఫోన్ చూపిస్తే పిస్తా రంగు తీశారు. రెండో షాపులో మెహెందీ రంగు. మూడో షాపులో పెసర రంగు పరిచి "ఇదే మేడమ్, మీ ఫోన్‌లో బ్రైట్‌నెస్ ఎక్కువుంది" అన్నారు. సేజ్ అనే ఆకుని ఆ వీధిలో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. చివరికి తొమ్మిదో షాపులో హిందూపురం కుర్రాడొకడు నా మొహం చూసి జాలిపడి, "అక్కా, ఎండిన కరివేపాకు రంగు కదా మీకు కావాల్సింది?" అని పై అరలోంచి థాను దించాడు. అచ్చం అదే. ఆనందంతో బేరం కూడా ఆడలేదు.

పది నిమిషాలకి లావెండర్.

కారణం ఏమిటయ్యా అంటే, స్టేజి వెనక ఆకుల గోడ కడుతున్నారట, పచ్చలో పచ్చ కలిసిపోతుందని డెకరేటర్ అన్నాడట. అంటే నేను సరిపోవాల్సింది పెళ్లికి కాదు, గోడకి. పెయింట్ షాపువాడైనా నయం, ముందు చిన్న శాంపిల్ డబ్బా ఇస్తాడు.

మీ వంశచరిత్ర కొంచెం చదివాను లెండి. 1840లో విక్టోరియా రాణి పెళ్లికి పన్నెండు మంది అమ్మాయిలు ఆవిడ కుచ్చెళ్లు పట్టుకుని నడిచారు. వాళ్ల గౌన్లు ఎలా ఉండాలో రాణిగారే బొమ్మ గీసింది, ఒక్కొక్కరికీ రాళ్లు పొదిగిన గద్ద బ్రోచ్ కానుకగా ఇచ్చింది. నాకు ఒక డబ్బాలో కొవ్వొత్తీ, "విల్ యూ బీ మై బ్రైడ్స్‌మెయిడ్" అని ఒక కార్డూ వచ్చాయి. ఆ డబ్బా ఖరీదు కూడా గోవా ట్రిప్ లెక్కలో కలిపేశారని నా అనుమానం. గోవా గురించి ఇక్కడ రాయను, ఈఎంఐ ఇంకా నడుస్తోంది. దేవనహళ్లి దాటాక ఉన్న ఆ రిసార్ట్‌కి నాలుగు ఫంక్షన్లకీ క్యాబ్‌లో ఎవరెళ్లగలరో కూడా అడగను. "మేకప్ ఆప్షనల్, బట్ అందరూ చేయించుకుంటున్నారు" అన్న వాక్యానికి మాత్రం ఒక దండం.

మాకూ తోడి పెళ్లికూతురు ఉండేదండి. ఏడేళ్లప్పుడు మా పిన్ని పెళ్లికి నేనే. అమ్మమ్మ కొత్త పట్టులంగా కుట్టించి, జడకి పూలు కుట్టి, పిన్ని పక్కన కూర్చోబెట్టింది. నా పని మెలకువగా ఉండటం. అదీ చెయ్యలేదు, తలంబ్రాలకి ముందే నిద్రపోయాను. అయినా నన్నెవరూ పైసా అడగలేదు. ఆ హోదాకే ఇంగ్లీషు పేరు పెట్టి బిల్లు నా చేతికిచ్చారు మీరు.

ఇంతకీ ముహూర్తానికి పెళ్లికూతురు కట్టుకునేది తెల్లచీర, ఎర్రంచు మధుపర్కం. ఏ గోడకి మ్యాచ్ అవుతుందని ఆవిణ్ణి ఎవరూ అడగరు. అడిగితే పురోహితుడు ఊరుకోడు. మీ ప్రతాపమంతా మా మీదే.

పెళ్లికూతుర్ని, అంటే నా స్నేహితురాల్ని, ఏమీ అనలేను, అదే నా ఖర్మ. నాకు డెంగీ వచ్చినప్పుడు పీజీలో దొంగతనంగా ఇండక్షన్ స్టవ్ పెట్టి పదకొండు రోజులు చారు కాచిపోసింది. ఓనరుకి దొరికిపోయి ఫైన్ కూడా కట్టింది. అలాంటిది "ప్లీజే, ఒక్కసారికి" అంటే నోరెలా తెరుస్తాను? మీకది తెలుసు. తెలిసే ఆ చారు గిన్నె వెనక దాక్కుని జేబులు కొడుతున్నారు. సిగ్గులేదా మీకు? అదెప్పుడైనా మా దగ్గర లెక్క రాసుకుందా?

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడిస్తే, "లావెండరంటే వంకాయ పువ్వు రంగేగా, నా పాత చీరొకటుంది, పంపించనా?" అంది. బస్సు పార్శిల్‌లో వస్తోంది. కరివేపాకు రంగుది మడతపెట్టి బీరువాలో పెట్టాను, మీరు మళ్లీ వెనక్కి తిరిగితే పనికొస్తుంది.

ఒక్కటే మనవి. ఇంకోసారి మారే ఉద్దేశం ఉంటే బుధవారం రాత్రిలోపు చెప్పండి. మా టైలర్ గురువారం పొద్దున్నే కత్తెర తీస్తాడు, అమ్మ చీర మీద.

ఇట్లు,
నంబర్ 4