హంస రెక్కల వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హంస రెక్కల వారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మిమ్మల్ని ఇచ్చిన హంస కూడా క్షేమమని మాత్రం రాయలేను.

1870ల మొదట్లో మీరు ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో, ఫ్రెష్‌వాటర్ ఊళ్ళో, ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ గారి కొలువులో ఉండేవారు. 1863 డిసెంబరులో, 48 ఏళ్ళ వయసులో, ఆవిడకు కూతురూ అల్లుడూ కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఇంకేముంది, బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది, అద్దాల కోళ్ళగూడు స్టూడియో అయింది. కోళ్ళను వదిలేశామనీ, వాటినెవరూ తినలేదనే నమ్ముతున్నాననీ ఆవిడే రాసుకున్నారు. కోళ్ళు ఖాళీ చేసిన కొంపలోకి మీరు రెక్కలుగా మాత్రమే దిగారు. పక్షిజాతి యోగం!

మీ డ్యూటీ ఫోటోల్లో పిల్లల్ని రెక్కల దేవతల్ని చేయడం. ఆవిడ చెల్లెలి మనవరాళ్ళు లారా, రేచల్ గర్నీలు మీకు దొరికారు. పెద్దయ్యాక లారా రాసిన జ్ఞాపకాల్లో మీ ప్రస్తావన ఉంది. పొగడ్త కాదు లెండి. మీరు చాలా బరువట. అంతంతమాత్రం బట్టల్లో, సన్నటి భుజాలకు మిమ్మల్ని కట్టి, నీటుగా దువ్విన జుట్టును కామెరాన్ గారే మొరటుగా చెరిపేసేవారట. స్వర్గంలో దువ్వెనలు దొరకవు కాబోలు.

1872 నాటి ఫోటోలో రేచల్ మడిచిన చేతుల మీద గడ్డం ఆనించి ఉంటుంది. వెనక మీరు దర్జాగా. ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన చిత్రంలో గట్టు మీద వాలిన బుల్లి దేవతల భంగిమే. కాకపోతే రంగుల్లో గీసిన దేవతకు మెడనొప్పి రాదు. ఇక్కడ గాజుపలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడారకముందే ఫోటో తీసి కడగాలి. ఆవిడవి పెద్ద పలకలు, ఎక్స్‌పోజర్ నిమిషాల లెక్కన. అంతసేపు పిల్ల కదలకూడదు. గడ్డం ఆనించడంలో భక్తి ఎంతో గానీ, కిటుకు మాత్రం ఉందనిపిస్తుంది నాకు.

ఆ చూపులో ఆధ్యాత్మిక దిగులు చూసి మురిసినవాళ్ళున్నారు. లారా ఒక్కముక్కలో తేల్చేసింది: దిగులుగా కనబడ్డామంటే నిజంగానే దిగులుగా ఉన్నాం గనక. కామెరాన్ గారు ఇంకేం చేస్తారోనని టెన్షన్! ఫోటోగ్రఫీ పెద్దలేమో ఫోకస్ లేదన్నారు, పలక మీద మచ్చలున్నాయన్నారు. మీ తూకం సంగతి వాళ్ళకు పట్టినట్టు లేదు.

అయినా మీరు కొంత నయం. ఆ కాలపు స్టూడియోల్లో తల కదలకుండా వెనక ఇనుప స్టాండు బిగించేవారు, చంటిపిల్లను పట్టుకున్న తల్లిని గుడ్డ కప్పి దాచేవారు. మీరు దాక్కోలేదు.

మీ ఊసెత్తితే మా వైపు అమ్మానాన్నలూ భుజాలు తడుముకోవాల్సిందే. కృష్ణాష్టమికి నెత్తిన నెమలిపింఛం, చేతిలో వేణువు, నడుముకు గుచ్చుకునే పంచె, పైగా "నవ్వు నాన్నా". ఫోన్ గనక వరసగా కొట్టేసి, ఏడుపు డిలీట్ చేసి నవ్వు వాట్సాప్‌లో పెడతాం. మీ రోజుల్లో ఆ వసతి లేక, అలిసిన మొహమే మ్యూజియంకెక్కింది.

కావున తమరిని వేడుకునేదేమనగా, ఆ ఫోటో కింద కళాకారిణి పేరు, సంవత్సరం, కొలతలు రాసేచోట మీ బరువు కూడా రాయించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు