ముందు ఆయన్ని కూడా టెస్ట్‌కి పంపండి

మన శ్రీకాకుళం పక్క ఏ పేరంటానికెళ్లినా, పెళ్లయ్యి రెండేళ్లు దాటిన కోడలు పిల్లకి ఒకటే ప్రశ్న, ఏటమ్మీ ఇంకా విశేషం ఏటీ నేదా అని. పక్కనే కూర్చుని పకోడీ తింటున్న ఆ అబ్బాయిని ఎవరూ అడగరు. గొడ్రాలు అని ఆడదానికి ఒక మాట పెట్టుకున్నాం, మగాడికి దానికి జోడీ మాట లేదు, ఉన్నదల్లా 'మగతనం లేనోడు', అది కాపురం చేయలేనోడి సంగతి, వేరే, అసలు గొడవంతా పిల్లలు కలగకపోవడాన్నీ దాన్నీ కలిపేయడం దగ్గరే వస్తోందని మా అభిప్రాయం.

శుభ్రంగా కాపురం చేసుకుంటున్న మగాడికి కూడా వీర్యకణాలు తక్కువుండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా, మీసం చూసి చెప్పలేం కదా, మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తుంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా నపుంసకత్వం వల్ల కాపురమే జరక్కపోతే పెళ్లి రద్దు అడగొచ్చంది గానీ, పిల్లలు పుట్టకపోవడాన్ని విడాకులకి కారణంగా పెట్టలేదు.

ఇళ్లలో జరిగేది చూడండి. అమ్మాయికి స్కానింగులు, రక్త పరీక్షలు, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే (చేయించుకున్నవాళ్లని అడగండి ఎంత నొప్పో), ఆ తర్వాత పొట్టలోకి కెమెరా పెట్టి చూసే లాపరోస్కోపీ, మధ్యలో అరసవల్లి ఆదివారాలు, పైడితల్లి మొక్కు. మొక్కుల మీద మాకేం కంప్లైంట్ లేదు. ఇదంతా అయ్యాక డాక్టరు గారు మీ ఆయన్ని కూడా తీసుకురండమ్మా అంటే, నాకేటి, నాను బానే ఉన్నాను అంటాడాయన. ఆయనకి కావాల్సింది వీర్య పరీక్ష, కొన్ని వందల రూపాయల టెస్ట్ అది, సూది లేదు కోత లేదు, రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో కారణం ఉంటుంది, అలాంటప్పుడు ఇద్దరికీ ఒకే రోజు మొదలుపెట్టకుండా ఒకర్నే ఏళ్లతరబడి తిప్పడం ఏం న్యాయం?

వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షల కంటే తక్కువుంటే తక్కువ కింద లెక్క, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అంకె అది, అంతమాత్రాన పిల్లలు పుట్టరని కాదు. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వేరికోసీల్ అయితే చాలామందికి ఆపరేషన్‌తో మెరుగవుతుంది. ఖైనీ, సిగరెట్, మందు, రోజంతా కొలిమి వేడి, పెద్దయ్యాక వచ్చిన గవదబిళ్లలు, ఇవన్నీ దెబ్బతీసేవే. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ చేయించుకునే కుర్రాళ్లకి చెప్పేవాళ్లే లేరు, అది పడితే ఒంట్లో వీర్యకణాల తయారీ తగ్గిపోతుందని, ఆగిపోవచ్చు కూడా అని. మగాడిలా కనపడాలని పొడిపించుకునేది తండ్రి అవ్వడానికే అడ్డం పడుతోంది, ఇంతకంటే విడ్డూరం ఉందా.

బస్టాండ్ కాంప్లెక్స్ చుట్టూ గోడల మీద 'పురుష శక్తి' పోస్టర్లు ఎన్నుంటాయో మీకు తెలుసు. ఇలాంటి యాడ్లు వద్దని 1954లోనే చట్టం వచ్చింది. మా పేపర్లో కూడా చిన్న యాడ్లలో అవి వచ్చాయి, మా తప్పే, ఇకమీదట తీసుకోం.

ఒకటి మాత్రం మారుతోంది. జీతం తెచ్చుకుంటున్న ఆడపిల్లలు, ఆయన రిపోర్టు వచ్చాకే నేను ఆ ఎక్స్‌రేకి వస్తానని చెప్తున్నారు, అత్తగార్లకి అది పొగరు, మాకైతే సబబే. ఇంకోపక్క, లోపం భర్తదని తెలిసి కూడా నాదేనని ఊళ్లో చెప్పుకుని ఆయన పరువు కాస్తున్న ఆడవాళ్లూ ఉన్నారు, ఆ అబ్బాయికి కూడా ఎవరి దగ్గరా ఏడ్చే వీలు లేదు, బయటికొస్తే ఫ్రెండ్సే ఆడుకుంటారు. వాడి మీద జాలి మాకూ ఉంది, కానీ వాడి సిగ్గుకి అద్దె ఆ పిల్లే ఎందుకు కట్టాలి.

మన తీరం ఊళ్ల నుంచి చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినోళ్లు జూన్‌లో అక్కడ వేట నిషేధం పడే టైముకి ఇంటికొస్తారు. ఏడాది కలిసున్నా కడుపు పండకపోతేనే సమస్య అంటారు డాక్టర్లు, ఏడాదిలో రెండు నెలలు కలిసుండే జంటకి ఆ లెక్క ఎలా కుదురుతుంది? అయినా పరీక్షలు మాత్రం ఆ పిల్లకే. ఊళ్లో ఉన్న ఆ రెండు నెలల్లో ఒక పొద్దున్న ఆయన్ని లాబ్‌కి తీసుకెళ్లండి, కొన్ని వారాలాగి ఇంకోసారి, ఎందుకంటే కౌంట్ ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది.