పేరింకా ఖరారు కాని యాప్‌కి, ఆశీర్వదించి రాయునది

చిరంజీవి యాప్‌కి,

ఉభయకుశలోపరి. నీ లోగో రంగు మీద మొన్నటి మీటింగ్‌లో జరిగిన గొడవ తప్ప ఇక్కడ అందరం క్షేమమే. ఆకుపచ్చా, ముదురాకుపచ్చా అన్నది ఇంకా తేలలేదు. ఇళ్లలో వృథా అయ్యే తిండిని తగ్గించడానికి నువ్వు పుడుతున్నావు కదా, స్టోర్‌లోకి ఎక్కకముందే నాలుగు మాటలు చెవిన వేద్దామని ఈ ఉత్తరం. నీ స్క్రీన్లు గీసే టీమ్‌లో నేనూ ఒకణ్ణి. ఆ చనువుతో రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

ముందు నీ జాతకం. నిన్ను పరిచయం చేసే ప్రెజెంటేషన్ ఎవరు తయారు చేసినా మొదటి స్లయిడ్ ఒకటే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తలోకి పోయింది. హోటళ్లూ దుకాణాలూ అన్నీ కలిపినా ఇళ్లకి సాటిరావు. 60 శాతం మన వంటిళ్లదే. తలకి ఏడాదికి 79 కిలోలు. ఈ అంకె తెర మీద పడగానే గదిలో అందరి మొహాలూ గంభీరంగా మారతాయి. రెండో స్లయిడ్‌లో ఆదాయం ఎలా వస్తుందో ఉంటుంది. అప్పుడు తేరుకుంటారు.

ఆ 79 కిలోల్లో తొక్కలు, గింజలు, ఎముకలు లాంటి తినలేని భాగాలూ కలిసే ఉన్నాయని మాత్రం మా స్లయిడ్‌లో చిన్న అక్షరాల్లోనైనా లేదు. రేపు నువ్వు అరటితొక్క పారేసినందుకు కూడా మనిషిని నిలదీస్తావేమోనని నా భయం. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది, దాన్నీ ఎవరూ స్లయిడ్‌లో పెట్టరు. సంపన్న దేశాలకీ మధ్యాదాయ దేశాలకీ మధ్య ఇళ్లలో పారేసే తిండిలో తలసరి తేడా సగటున 7 కిలోలే. డబ్బు ఎక్కువైనవాళ్లే పారేస్తారన్న కథ మనసుకి హాయిగా ఉంటుంది కానీ నిలబడదు. పారేసేవాళ్లు మామూలు మనుషులు. పొద్దుగూకి ఇంటికొచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, కాసేపు చూసి, మూసేసేవాళ్లు.

అలాంటివాళ్లకి నువ్వు చేయబోయే సాయం ఏమిటయ్యా అంటే, గుమాస్తా ఉద్యోగం.

నీ ప్రోటోటైప్‌లో ఖాతా తెరవగానే "మీ వంటింట్లో ఉన్నవన్నీ నమోదు చేద్దామా!" అంటావు. ఆ ఉత్సాహం ఎక్కణ్ణించి వచ్చిందో గానీ, సరే, పాలతో మొదలుపెడదాం. ఒక చేతిలో ప్యాకెట్, ఒక చేతిలో ఫోన్, తలుపు మూసుకుపోకుండా మోచెయ్యి అడ్డం. చల్లటి ప్యాకెట్‌కి చెమట పట్టి బార్‌కోడ్ నీకు ఆనదు. చొక్కాకి తుడిచి మళ్లీ చూపిస్తే, కుయ్‌మని, "పాలు" అంటావు. పాలని మాకూ తెలుసు నాయనా! ఎన్నాళ్లు ఉంటాయో చెప్పమంటే మాత్రం క్యాలెండర్ తెరిచి తేదీ మమ్మల్నే అడుగుతావు. ఆ తేదీ ప్యాకెట్ అతుకు మడతలో, సగం చెరిగి ఉంటుంది. అది 3 అయినా కావచ్చు, 8 అయినా కావచ్చు. ఈలోగా తలుపు ఎంతసేపు తెరిచి పెడతావని ఫ్రిజ్ కీకీమని అరుస్తుంది.

ఇందులో నీ తప్పేం లేదులే. బార్‌కోడ్ పుట్టుకే అంత. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, దుకాణం కౌంటర్ దగ్గర దాన్ని మొదటిసారి చదివించినప్పుడు ఎదురుగా ఉన్నది చూయింగ్ గమ్. అది ఏ సరుకో చెప్పి బిల్లు వేయించడమే ఆ గీతల పని. మామూలు బార్‌కోడ్‌లోని 13 అంకెల్లో గడువు తేదీకి చోటు లేదు. తేదీ, బ్యాచ్ నంబరు కూడా మోయగల క్యూఆర్ తరహా కోడ్‌లని చదవడానికి దుకాణాలు 2027 చివరికల్లా సిద్ధం కావాలని బార్‌కోడ్‌ల వ్యవహారం చూసే జీఎస్1 సంస్థ లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ ఇంట్లో తొందరగా పాడయ్యేవి ఏవి? కూరగాయలు, పళ్లు, ఆకుకూరలు, వండాక మిగిలినవి. టమాటా బార్‌కోడ్‌తో కాయదు. మిగిలిన కూర డబ్బా మూత మీద తయారీ తేదీ ఉండదు. అంటే చెడిపోయే ప్రమాదం తక్కువున్న బిస్కెట్ ప్యాకెట్‌ని నువ్వు కుయ్‌మని గుర్తుపడతావు, నిజంగా కుళ్లిపోయేవాటి దగ్గరికొచ్చేసరికి "వర్గం ఎంచుకోండి" అంటావు.

ఆ వర్గాల చిట్టాలో అడుగున "ఇతరములు" అని ఒకటుంది చూడు, నీ మొత్తం డిజైన్‌లో జనానికి నచ్చింది అదొక్కటే. ట్రయల్‌కి ఇచ్చినవాళ్ల లిస్టులు తిరగేస్తుంటే ఒకరింటి ఫ్రిజ్ నిండా ఇతరములే. నీ వారాంతపు రిపోర్టు ప్రకారం ఆ కుటుంబం ఇతరములు వండుకుని, ఇతరములు తిని, కొన్ని ఇతరములు పారేసింది.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ మొత్తాన్ని బుర్రలో పెట్టుకుని తిరిగే మనిషి ఒకరుంటారు. రెండో అర వెనక మూల డబ్బాలో ఏముందో, అది ఎప్పటిదో, పెరుగు ఇంకెంత పులిసిందో, క్యారెట్లు మెత్తబడకముందే ఏం చేయాలో అన్నీ తెలిసినవాళ్లు. ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి ఆడమనిషే. ఆ ఇంట్లోనే ఇంకో రకం మనుషులూ ఉంటారు. నిండు ఫ్రిజ్ ముందు నిలబడి "తినడానికేమీ లేదా?" అని అరిచేవాళ్లు. ఆఫీసు నుంచి వస్తూ వస్తూ, ఇంట్లో ఒక క్యాబేజీ ఉండగానే ఇంకో క్యాబేజీ పట్టుకొచ్చేవాళ్లు. పొయ్యి మీద వంట అయిపోవస్తుండగా "నేను బయట తినేసి వస్తా" అని మెసేజ్ పెట్టేవాళ్లు.

నువ్వు ఎవరి ఫోన్‌లో చేరతావు? తెలిసిన మనిషి ఫోన్‌లో. తెలిసిన మనిషే నీలో అన్నీ ఎక్కించాలి. ఎక్కించినదాన్నే నువ్వు తిరిగి ఆ మనిషికే చెబుతావు: "మీ పాలకూర రేపటితో పాడవుతుంది!" ఆ సంగతి ఆవిడకి పాలకూర కొన్న రోజునే తెలుసు. తెలియనివాళ్ల ఫోన్లు మాత్రం ప్రశాంతంగా ఉంటాయి. రెండో క్యాబేజీ అలాగే వస్తుంది. తిండి పారేయడం బద్ధకం వల్ల జరుగుతుందనుకుని నిన్ను గీస్తున్నారు మావాళ్లు. నా లెక్క వేరు. ఇంట్లో ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరకపోవడం వల్లే సగం జరుగుతుంది. డబ్బా చెత్తబుట్టలోకి పోయే రోజు కాదు, సరుకు బుట్టలోకి ఎక్కే రోజే నీ పని ఉంది.

ఆ పాలకూర నోటిఫికేషన్ వచ్చే టైము కూడా చెప్పుకోవాలి. పొద్దున పదకొండు. మనిషి ఎక్కడో పనిలో ఉంటుంది. అక్కణ్ణించి పాలకూరని ఏం చేయాలి? ధైర్యం చెప్పాలా? అదే కబురు సాయంత్రం కూర తరిగే వేళకి వస్తే ఉపయోగం. ఆ వేళకి మాత్రం నీ స్క్రీన్ కింది భాగంలో ఫుడ్ డెలివరీ ప్రకటన వస్తుంది. రెండో స్లయిడ్‌లో చెప్పిన ఆదాయం అదే మరి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.

తేదీల విషయంలో నీ తొందర చూస్తే భయమేస్తోంది. ప్యాకెట్ల మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. ఈ రోజులోపు తింటే రుచీ కరకరా బాగుంటాయని చెప్పేది ఒకటి. అది దాటినంత మాత్రాన తిండి విషమైపోదు, చూసి, వాసన పట్టి తినొచ్చు. ఈ రోజు దాటాక తినొద్దు అని ఆరోగ్యం కోసం చెప్పేది రెండోది. దానితో ఆటలొద్దు, అక్కడ ముక్కుని నమ్మినా లాభం లేదు. నువ్వు రెండింటికీ ఒకే ఎర్రరంగు, ఒకే పుర్రె బొమ్మ. మొన్నటిదాకా బాగానే ఉన్న బిస్కెట్లని నీ పుర్రె చూసి పారేస్తే, ఆ వృథా ఎవరి ఖాతాలో రాయమంటావు? ఇంట్లోవాళ్లు ఆ పని నీ సాయం లేకుండానే చేసుకోగలరు.

ఏఐ వంటల గురించి ఎక్కువ రాయను, మావాళ్లు అక్కడ చాలా కష్టపడ్డారు. అర క్యాబేజీ మిగిలిందని చెబితే మంచి వంటకం చూపించావు. దానికి కావలసినవి: క్రీమ్, పుట్టగొడుగులు, చీజ్, ఇంకో అర క్యాబేజీ.

నీ డ్యాష్‌బోర్డ్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే అవార్డుకి పంపేది ఆ స్క్రీన్‌షాటే. ప్రతి వస్తువు గడువు దగ్గరికి రాగానే "తిన్నారా? పారేశారా?" అని అడుగుతావు. "తిన్నాం" నొక్కితే ఆకుపచ్చ పువ్వులు రాలతాయి. "పారేశాం" నొక్కితే భూగోళం కన్నీళ్లు పెట్టుకుంటుంది. రాత్రి గిన్నెలు తోముకుని పడుకోబోయే మనిషి ఏది నొక్కుతుందని నీ అంచనా? పారేసినదాన్ని ఎవరికి వారు రాసుకునే లెక్క, చెత్తబుట్ట తూచి తీసిన లెక్క కంటే తక్కువే వస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. అడిగేవాళ్లు లేనప్పుడే తక్కువ రాసేవాళ్లు, నువ్వు ఏడిపిస్తూ అడిగితే ఇంకేం రాస్తారు? నీ పుణ్యమా అని చెత్త తగ్గదు, అబద్ధాలు పెరుగుతాయి. 2030కల్లా దుకాణాల్లోనూ ఇళ్లలోనూ తలసరి వృథాని సగానికి తగ్గించాలని ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యాన్ని ఈ పద్ధతిలో నీ యూజర్లు వచ్చే నెలలోనే సాధించేస్తారు.

నీ కంటే ముందు పుట్టినవాళ్లని చూడు. 2015లో బ్రిటన్‌లో మొదలైన ఓలియోలో, ఇంట్లో మిగిలినదాన్ని ఫోటో తీసి పెడితే ఇరుగుపొరుగువాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. డెన్మార్క్‌లో పుట్టిన టూ గుడ్ టు గో, దుకాణాల్లో ఆ పూట మిగిలినదాన్ని తక్కువ ధరకి అమ్మిస్తుంది. మీ అలమరలో ఏమేం ఉన్నాయో జాబితా రాయమని ఇవి అడగవు. జాబితా పిచ్చి ఫ్రిజ్‌లకీ పట్టింది. ఇంటర్నెట్ ఉన్న ఫ్రిజ్‌ని ఎల్‌జీ 2000లోనే తెచ్చింది, తర్వాత లోపల కెమెరాలున్నవీ వచ్చాయి. వెనక మూల డబ్బా మాత్రం ఇప్పటికీ కెమెరాకి అడ్డంగా ఉన్న ఇంకో డబ్బా వెనకే ఉంది.

అందుకని నా కోరికలు కొన్ని. మీటింగ్‌లో చెబితే "వెర్షన్ 2లో చూద్దాం" అన్నారు. నీకే నేరుగా చెబుతున్నాను.

జాబితా అడగకు. వారానికోసారి, సరుకులకి వెళ్లేముందు, ఫ్రిజ్ తలుపు తీసి ఒక్క ఫోటో తీయమను. ఆ ఫోటోని ఇంట్లో అందరి ఫోన్లకీ పంపు, ముఖ్యంగా రెండో క్యాబేజీ తెచ్చే మనిషికి, దుకాణంలో ఉండగానే. వండాక మిగిలింది డబ్బాలో పెడితే దాన్నీ ఒక ఫోటో. పేరు, వర్గం, బరువు అడగకు. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరితే మూడు నాలుగు రోజుల్లో తినేయాలన్నది అందరూ పాటించే లెక్కే కాబట్టి, ఆ గడువు నువ్వే వేసుకో. మూడో రోజు సాయంత్రం ఆ ఫోటోని "తినడానికేమీ లేదా" అనే మనిషికి పంపు. వండిన మనిషికి వద్దు, ఆవిడకి గుర్తుంది. ఫోటోలో అరటిపళ్లు ఆకుకూరల పక్కన కనిపిస్తే విడదీయమని ఒక మాట చెప్పు. అరటిపళ్లు వదిలే ఎథిలీన్ అనే వాయువు వల్ల ఆకులు తొందరగా పసుపెక్కుతాయి. ఆ ఒక్క మాట నీ పువ్వుల యానిమేషన్ మొత్తం కంటే ఎక్కువ ఆకుకూరని కాపాడుతుంది. ఫ్రీజర్‌లో చోటుంటే బ్రెడ్ అందులో పెట్టమను. ఇంక ఊరుకో. రోజుకి ఎన్నిసార్లు నిన్ను తెరిచారో లెక్కపెట్టి మా మేనేజర్‌కి చెప్పకు. నిన్ను తెరవకుండానే పని జరిగిపోతే నువ్వు బాగా పనిచేస్తున్నట్టే, కానీ ఆ మాట ఆయన స్లయిడ్‌లో పట్టదు.

ఎవరైనా నిన్ను తీసేయబోతే "వెళ్లిపోతున్నారా? కారణం చెప్పండి" అని ఎనిమిది ఆప్షన్లు చూపించకు. ఎలాగూ "ఇతరములు" నొక్కుతారు.

ఇట్లు,
నీ స్క్రీన్లు గీసేవాళ్లలో ఒకడు

తా.క.: మార్కెటింగ్‌వాళ్లు నీకో బొమ్మ కావాలంటున్నారు. డ్రాయింగ్ కూడా వేయించారు. వడిలిపోయి, ఏడుస్తూ, "నన్నెందుకు కొన్నారు?" అని అడిగే క్యారెట్. శుక్రవారం మీటింగ్‌లో ఆమోదానికి పెడతారట. ఆ రోజుకి క్రాష్ అవ్వడం వీలవుతుందేమో చూడు.